కంప్యూటర్ రాదని ఉద్యోగం మానెయ్యాలా?

పాఠకురాలి ప్రశ్న (పేరు వద్దన్నారు, ఉత్తరం కొంచెం కుదించాను): నా వయసు 54. ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నా. రిజిస్టర్లు రాసే రోజుల్లో నా లెక్కకి వంక పెట్టినవాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట బిల్లులు, లీవులు, అటెండెన్స్ అన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి. అప్పట్నుంచి పక్క సీటు అమ్మాయే నా లాగిన్‌తో నా పని చేసిపెడుతోంది, పాస్‌వర్డ్ కూడా తనకే తెలుసు, నాకు గుర్తు లేదు. ఇంట్లో మా అబ్బాయిని అడిగితే "ఇలా ఇవ్వమ్మా" అని లాక్కుని చేసేసి ఇచ్చేస్తాడు. ఒక కంప్యూటర్ క్లాసులో చేరి మానేశాను, అందరూ చిన్నపిల్లలు, పైగా కంప్యూటర్ తరాలు ఎన్ని అని నోట్స్ రాయించారు. ఏం నొక్కితే ఏం పోతుందో అని భయం. ఈ వయసులో నాకిది వస్తుందా? లేక మర్యాదగా వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకోనా? ప్రాక్టీసుకి ల్యాప్‌టాప్ కొనాలా, టైపింగ్ నేర్చుకోవాలా, అది కూడా చెప్పండి.

జవాబు:

ముందు రిటైర్‌మెంట్ సంగతి తేల్చేద్దాం. మానెయ్యొద్దండి. ఒంట్లో ఓపిక లేదనో, ఇంట్లో ఎవరికో బాగోలేదనో, ఇక చాలు హాయిగా ఉందామనో అయితే అది మీ ఇష్టం, కాదనడానికి నేనెవర్ని. కానీ కంప్యూటర్ రాదు అన్న ఒక్క కారణానికి మాత్రం వద్దు, ఎందుకంటే ఆఫీసు మానేసినంత మాత్రాన ఇది మిమ్మల్ని వదలదు, బ్యాంకు పనీ, ఆస్పత్రి అపాయింట్‌మెంటూ, టికెట్లూ, ఆఖరికి చాలాచోట్ల రిటైర్‌మెంట్ కాగితాలు కూడా ఇప్పుడు ఈ దారిలోనే వెళ్తున్నాయి, అప్పుడు పక్క సీటు అమ్మాయి కూడా ఉండదు.

రేపు ఆఫీసుకెళ్ళగానే మిగతా అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. పాస్‌వర్డ్ మార్చెయ్యండి. రిజిస్టర్ల రోజుల్లో మీ బదులు ఇంకొకళ్ళు సంతకం పెడతానంటే ఒప్పుకునేవారా? లాగిన్ అంటే అదే సంతకం. ఆ లాగిన్‌తో ఏ బిల్లు పాస్ చేసినా సిస్టమ్‌లో మీ యూజర్ ఐడీ, టైము పడతాయి, నొక్కింది ఎవరి వేళ్ళో దానికి తెలీదు కదా. ఆ అమ్మాయి ఎంత మంచిదైనా రేపు ఒక అంకె తప్పు పడితే జవాబు చెప్పాల్సింది మీరు, అసలు ఇంకొకళ్ళ లాగిన్ ఎందుకు వాడావని తననీ అడుగుతారు. అందుకే తనతో మొహమాటపడకుండా, "నా వల్ల నీకు మాట రాకూడదమ్మా, అందుకే మారుస్తున్నా" అని చెప్పెయ్యండి, బహుశా తను కూడా ఊపిరి పీల్చుకుంటుంది. రెండేళ్ళుగా ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది మరి.

పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఎవర్నీ చెయ్యనివ్వకండి. "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" మీరే నొక్కండి, ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది, మీరే చూసి మీరే కొట్టండి. పావుగంట పట్టినా పట్టనివ్వండి, మీ మొదటి పాఠం అదే. ఒకవేళ ఓటీపీ ఆ అమ్మాయి నంబర్‌కి వస్తోందంటే (ఇలాంటివి నేను చాలా విన్నాను) సిస్టమ్స్ చూసేవాళ్ళని అడిగి ముందు నంబర్ మార్పించుకోండి. పాస్‌వర్డ్ గుర్తుండట్లేదని సిగ్గుపడక్కర్లేదు, అది మీ బుర్రలో లోపం కాదు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి అనే తరహా రూల్స్ ప్రపంచమంతా పాకడానికి ముఖ్య కారణం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన ఒక గైడ్, దాన్ని రాసిన బిల్ బర్ గారే 2017లో అందులో చాలావరకు రాయకుండా ఉండాల్సింది అన్నారు, అదే ఏడాది నిస్ట్ కూడా గుర్తుల గోల, ఊరికే మార్పించడం వద్దని, పొడవు ముఖ్యమని సలహా మార్చుకుంది. మీ ఆఫీసు సిస్టమ్ ఇంకా పాత పద్ధతిలోనే అడగొచ్చు, అది మన చేతిలో లేదు. సంబంధం లేని మూడు నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి, ఇంట్లో బీరువాలో ఉండే డైరీలో రాసుకోండి, మానిటర్‌కి చీటీ అంటించకండి, అంతే.

ఇక వయసు సంగతి. వయసుతో ఏమీ మారదని నేను చెప్పను, కొన్ని మారతాయి, వాటి గురించి కింద రాస్తా. కానీ మీరు అడిగింది "వస్తుందా" అని. వస్తుంది. మీరొక్కరే వెనకబడ్డారు అనుకుంటున్నారు చూడండి, ముందు అది తీసెయ్యండి. ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ 2011 నుంచి 2015 దాకా 33 దేశాల్లో 16 నుంచి 65 ఏళ్ళ వాళ్ళని పరీక్షించింది, అవి ఎక్కువగా డబ్బున్న దేశాలే, అక్కడ కూడా సగటున నాలుగో వంతు మంది కంప్యూటర్ మీద ఆ పరీక్ష రాసే స్థితిలోనే లేరని తేలింది. కుర్రాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది అనేది కూడా సగం భ్రమే. 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికన్ రచయిత "డిజిటల్ నేటివ్స్" (అంటే పుట్టినప్పట్నుంచీ కంప్యూటర్ల మధ్యే పెరిగినవాళ్ళు) అని ఒక మాట పెట్టాడు, అది జనానికి బాగా నచ్చింది, కానీ 2018లో చాలా దేశాల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి కంప్యూటర్ పరీక్ష పెడితే అన్నిటికంటే పై స్థాయికి చేరింది 2 శాతం మాత్రమే. రీల్స్ జరపడం వేరు, ఒక షీట్‌లో లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడం వేరు. రెండోది మీకు ఇప్పటికే వచ్చు, అది మర్చిపోతున్నారు. సిస్టమ్ బాలెన్స్ చూపిస్తుంది గానీ ఆ బాలెన్స్ అలా ఉండకూడదే అని అనుమానపడటానికి మనిషి కావాలి, ఆ అనుమానం రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంకో సంగతి, ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం చెప్తున్నా. ఎస్తర్ హార్గిటాయ్ అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి మామూలు జనాన్ని కంప్యూటర్ ముందు కూచోబెట్టి, ఫలానాది వెతికి పెట్టండి అని అడిగి, వాళ్ళెలా చేస్తారో చూసింది. 2006లో ఆమె ఇంకొకరితో కలిసి రాసిన పేపర్‌లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అసలు పనిలో పెద్ద తేడా కనపడలేదు, కానీ "మీకెంత వచ్చు" అని అడిగితే మాత్రం ఆడవాళ్ళు తమకి తాము బాగా తక్కువ మార్కులు వేసుకున్నారు. మీ ఉత్తరంలో "నాకు బొత్తిగా రాదు" అని మూడుచోట్ల రాశారు (కుదించేటప్పుడు నేనే తీసేశాను). ఆ ఉత్తరం ఈమెయిల్‌లో వచ్చింది, తెలుగులో టైపు చేసి ఉంది, మీరే చేశారని కింద రాశారు కూడా. మరి బొత్తిగా రాకపోవడం ఎక్కడండీ?

అసలు అడ్డం ఎక్కడుందని నేననుకుంటున్నానో చెప్తా. రెండేళ్ళుగా మౌస్ మీ చేతిలో లేదు. ఆఫీసులో ప్రేమతో ఒకళ్ళు తీసుకున్నారు, ఇంట్లో విసుగుతో ఒకళ్ళు తీసుకున్నారు. మీ పని ఏ రోజూ ఆగలేదు, అందుకే మీకు రాలేదు. సహాయం చేసేవాళ్ళు మనకి పని చేసిపెడతారు గానీ ఆ పని మన చేతికి ఇవ్వరు, ఇది వాళ్ళ తప్పని కాదు, వాళ్ళకి అది తేలిక, మనకీ ఆ పూటకి తేలిక. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే చెప్పాడు, ఒక పని నా వల్ల అవుతుంది అనే నమ్మకం మనిషికి అన్నిటికంటే గట్టిగా ఎక్కడ్నుంచి వస్తుందంటే, తన చేత్తో అది ఒకసారి పూర్తి చెయ్యడం నుంచి అని. పక్కవాళ్ళు చేస్తుంటే చూడటం, "నువ్వు చెయ్యగలవు" అని ఎవరో అనడం, ఇవి కూడా పనికొస్తాయి గానీ తర్వాతే. నేను మీకు ఎంత ధైర్యం చెప్తూ ఇంత పొడుగు జవాబు రాసినా ఒక్క లీవు అప్లికేషన్ మీరే పెట్టుకున్నప్పుడు వచ్చే ధైర్యానికి సాటి రాదు.

మీ అబ్బాయి విషయానికొద్దాం. వాడు నేర్పే తీరు నాకు కళ్ళకి కట్టినట్టుంది, ఎందుకంటే అందరి ఇళ్ళలో అదే సీను. ఫోన్ తీసుకుంటాడు, బొటనవేలు నాలుగుసార్లు ఆడుతుంది, మధ్యలో ఒక స్క్రీన్ వచ్చి వెళ్ళిపోతుంది, మీరు అదేంటో చదివేలోపు ఇంకోటి వస్తుంది, "అంతే, చూశావుగా" అని ఇచ్చేస్తాడు. మీరు చూసింది వేలు, అంతే. రెండో స్క్రీన్‌లో పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కాడు, అవి అక్కడ ఉంటాయని తనకి ఏనాడో తెలుసు కాబట్టి అది ఒక స్టెప్పు అని కూడా వాడికి అనిపించదు. దీని మీద 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. కొంతమందిని అందరికీ తెలిసిన పాటల దరువు వేళ్ళతో బల్ల మీద కొట్టమంది, ఎదుటివాళ్ళు ఏ పాటో చెప్పాలి. ఎదుటివాళ్ళు సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టేవాళ్ళు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడు. కొట్టేవాడి చెవిలో రాగంతో సహా మొత్తం పాట మోగుతుంటుంది, వినేవాడికి టకటక తప్ప ఏమీ లేదు. మీ అబ్బాయి టకటకలాడించి, పాట వినపడలేదా అని విసుక్కుంటున్నాడు.

కాబట్టి వాడికి ఒక్క షరతు పెట్టండి. నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవాలి, ఫోన్‌గానీ మౌస్‌గానీ ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. మొదటి రోజు ఇద్దరికీ తలప్రాణం తోకకొస్తుంది, "అది నొక్కు" అంటాడు, "అది అంటే ఏది" అంటారు, "పైన, కుడిపక్క, మూడు చుక్కలు" అని చెప్పాల్సొస్తుంది, అలా చెప్పాల్సి రావడమే మనకి కావాల్సింది. వాడు చెప్పింది చెప్పినట్టు మీ మాటల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వాడికి ఓపిక లేకపోతే అలగకండి, అందరికీ నేర్పడం రాదు, ఆఫీసులోనే మీ వయసులో ఉండి ఈమధ్యే నేర్చుకున్నవాళ్ళని పట్టుకోండి. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళకి ఎక్కడ తట్టుకుంటామో ఇంకా గుర్తుంటుంది, అన్నీ వచ్చిన నిపుణుడి కంటే వాళ్ళే మేలు. ఆ అమ్మాయిని కూడా పూర్తిగా వదిలెయ్యక్కర్లేదు, చేసిపెట్టమనే బదులు "నేను చేస్తా, నువ్వు పక్కన నిలబడి చూడు, తప్పు నొక్కబోతే ఆపు" అనండి, పది నిమిషాలే.

ఏం నొక్కితే ఏం పోతుందో అన్న భయం గురించి. ఇది తీసిపారేసే భయం కాదు, మీ పని డబ్బుతో, నిజంగానే కొన్ని నొక్కితే పోతాయి. తేడా తెలీకపోవడం వల్ల అన్నిటికీ ఒకేలా భయపడుతున్నారు, అక్కడే చిక్కు. స్క్రీన్ మీద మీరు చేసేవాటిల్లో చాలావరకు వెనక్కి తీసుకోగలిగేవే. మెనూలు తెరిచి చూడటం, ఏ ఆప్షన్ ఎక్కడుందో వెతకడం, షీట్‌లో ఒక గడి తప్పు కొట్టడం, ఒక లైన్ ఎగరగొట్టడం, వీటికి కంట్రోల్ జెడ్ ఉంది (కంట్రోల్ మీట పట్టుకుని జెడ్ నొక్కితే చివర చేసింది వెనక్కి పోతుంది), తెరిచిన మెనూ మూసే ఎస్కేప్ మీట ఉంది, సేవ్ చెయ్యకుండా మూసెయ్యడం ఉంది. వెనక్కి రానివి కొన్ని, అవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: డబ్బు పంపించడం, ఫైనల్ సబ్మిట్ లేదా అప్రూవ్ నొక్కడం, మెయిల్ పంపించడం, ఓటీపీ ఎవరికైనా చెప్పడం, ఫోన్‌లో ఎవరో చెప్తే వాళ్ళు చెప్పిన యాప్ వేసుకోవడం. ఎక్సెల్‌లో అయితే ఇంకోటి, గడులు చెరిపితే కంట్రోల్ జెడ్‌తో వస్తాయి గానీ కింద ఉండే షీట్‌నే డిలీట్ చేస్తే అది కంట్రోల్ జెడ్‌తో రాదు, అందుకే అది చేసే ముందు ఒక హెచ్చరిక వస్తుంది. ఈ కాసిని చోట్లా ఆగండి, రెండుసార్లు చదవండి, కావాలంటే ఎవర్నైనా పిలవండి. మిగతా చోట్ల ఏం కాదు, నొక్కి చూడండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫైల్‌కి ఒక కాపీ తీసి పేరు చివర తారీఖు పెట్టి, ఆ కాపీ మీద మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి, అసలుది క్షేమంగా ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్‌కి ట్రెయినింగ్ లాగిన్ అనో టెస్ట్ లాగిన్ అనో ఉందేమో అడగండి, చాలా సిస్టమ్స్‌కి ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

ఓటీపీ మోసాల గురించి వినీ వినీ అసలు ఫోనే ముట్టుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, దీన్ని నేను అర్థం చేసుకోగలను గానీ ఒప్పుకోను. ముట్టుకోకపోతే ఓటీపీ చూసేది, చెప్పేది వేరేవాళ్ళవుతారు, అప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు కళ్ళు, వేళ్ళు. ఇవి ఎవరూ మాట్లాడరు, నాకైతే సగం మంది "నాకు రాదు" అనేది ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. నలభై దాటాక దగ్గరవి మసకగా కనపడటం మామూలే, కానీ చదివే అద్దాలు పుస్తకం దూరానికి ఇస్తారు, మానిటర్ అంతకంటే దూరంలో ఉంటుంది, దాంతో మెడ ముందుకు పెట్టి, గడ్డం పైకెత్తి చూస్తూ అరగంటకే తలనొప్పి తెచ్చుకుని "అబ్బే మనవల్ల కాదు" అంటాం. కళ్ళ డాక్టర్‌కి కంప్యూటర్ ముందు కూచుంటానని, స్క్రీన్ ఎంత దూరంలో ఉంటుందో చెప్పి అద్దాలు రాయించుకోండి. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ అని ఉంటుంది, అక్కడ అక్షరాల సైజు పెంచుకోవచ్చు, మౌస్ బాణం గుర్తుని కూడా పెద్దది చెయ్యొచ్చు, రంగు మార్చొచ్చు. బ్రౌజర్‌లో (వెబ్‌సైట్లు చూసే క్రోమ్ లాంటిది) అయితే కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే చాలు.

డబుల్ క్లిక్ సంగతి చూడండి. రెండుసార్లు టకటకా నొక్కాలి, నొక్కేటప్పుడు మౌస్ కదలకూడదు. భయంతో చెయ్యి బిగుసుకున్నవాళ్ళకి మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య మౌస్ కాస్త జరుగుతుంది, అప్పుడు ఫైల్ తెరుచుకోదు సరికదా ఒక్కోసారి ఫైలే పక్క ఫోల్డర్‌లోకి జారిపోతుంది, "అయ్యో ఫైల్ పోయింది" అని కంగారు. మెల్లగా నొక్కితే దాన్ని రెండు వేరు వేరు క్లిక్కులు అనుకుని ఫైల్ పేరు మార్చమని గడి తెరుస్తుంది. ఇది మీకు జరిగే ఉంటుంది. మందు చాలా చిన్నది: ఒక్కసారి క్లిక్ చేసి, మౌస్ వదిలేసి, కీబోర్డ్ మీద ఎంటర్ కొట్టండి, ఫైల్ తెరుచుకుంటుంది. డబుల్ క్లిక్ స్పీడ్ తగ్గించే ఏర్పాటు కూడా మౌస్ సెట్టింగ్స్‌లో ఉంది. ఫోన్‌లో దీనికి అన్నదమ్ముల్లాంటి సమస్య ఇంకోటి, మీరు నొక్కారనుకుంటే అది "నొక్కి పట్టుకున్నారు" అనుకుని వేరే మెనూ తెరుస్తుంది. ఆండ్రాయిడ్‌లో యాక్సెసబిలిటీలోనే టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటుంది, అది లాంగ్‌కి మార్చుకోండి. వేలు నొక్కినా ఫోన్ పలకట్లేదంటే చర్మం పొడిబారి ఉండొచ్చు, టచ్ స్క్రీన్ పనిచేసేది వేలిలోని విద్యుత్ వాహకత మీద, పొడి వేలిని అది సరిగ్గా గుర్తుపట్టదు. గట్టిగా నొక్కడం వల్ల లాభం లేదు, కాస్త చెయ్యి తడి చేసుకుని తుడుచుకుంటే పలుకుతుంది.

బొమ్మల గోల ఒకటి. మూడు అడ్డగీతలంటే మెనూ అని మనకెలా తెలియాలి? ఆ గీతల్ని 1981లో జెరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీశాడు, లిస్టు లాగా కనపడాలని. సేవ్ గుర్తు, ఒకప్పుడు ఫైళ్ళు దాచుకునే ఫ్లాపీ డిస్క్ బొమ్మ, ఈ తరం పిల్లలు ఆ వస్తువు చూసి కూడా ఉండరు. అవి ఎవరో పెట్టుకున్న గుర్తులు, తెలివితో ఊహించేవి కాదు, ఒకళ్ళు చెప్తే తెలిసేవి. తెలియని వాటి కోసం మౌస్‌ని బొమ్మ మీద నొక్కకుండా ఊరికే ఆపి చూడండి, చాలాచోట్ల దాని పేరు చిన్నగా పైకొస్తుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లయితే నిజంగానే దరిద్రంగా చేస్తారు, ఆ మాట ఎవరో ఒకరు పైకి అనాలి. సగం ఫామ్ నింపేసరికి "సెషన్ ఎక్స్‌పైర్డ్" (టైము అయిపోయింది) అని మొత్తం చెరిపేస్తుంది, తప్పు ఎక్కడుందో చెప్పకుండా "ఇన్‌వాలిడ్ ఎంట్రీ" అని ఎర్రగా అరుస్తుంది. వస్తువుల డిజైన్ గురించి పుస్తకాలు రాసిన డొనాల్డ్ నార్మన్ అనే ఆయన 1980ల నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు, జనం వస్తువు వాడలేక తమని తాము తిట్టుకుంటారు గానీ తప్పు చాలాసార్లు ఆ వస్తువు తయారీలోనే ఉంటుంది అని. అందుకే పొడుగు రాత ఏదైనా ఉంటే ముందు కంప్యూటర్‌లోనే ఉండే నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి పెట్టుకుని తర్వాత ఫామ్‌లో పేస్ట్ చెయ్యండి. ఎర్రర్ రాగానే కంగారుగా ఓకే నొక్కి మాయం చెయ్యకండి, ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. ఇంగ్లీష్ అర్థం కాకపోతే ఫోటోలోని అక్షరాలు చదివి అనువదించే గూగుల్ లెన్స్‌తో తెలుగులో చూసుకోవచ్చు, అడగడానికి వెళ్ళినప్పుడు కూడా "ఏదో వచ్చిందండీ" అని నీళ్ళు నమిలే బదులు ఫోటో చూపించొచ్చు.

భాష గురించి నాది కాస్త వేరే అభిప్రాయం. మెనూలన్నీ తెలుగులోకి మార్చుకోమని సలహా ఇస్తారు, ఇంగ్లీష్ బొత్తిగా చదవలేనివాళ్ళకి అది మంచిదే, మీరు మాత్రం మార్చకండి. ఆఫీసులో అందరి స్క్రీన్ మీదా ఇంగ్లీష్ మెనూలే ఉండి మీదొక్కటే తెలుగులో ఉంటే సాయం చేసేవాళ్ళు కూడా తికమకపడతారు. మీ నోట్‌బుక్ తెలుగులో ఉంటే చాలు. ఏదైనా వెతకాలన్నా, మెసేజ్ రాయాలన్నా ఫోన్ కీబోర్డ్‌లో మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది, "ఎక్సెల్‌లో మొత్తం కూడటం ఎలా" అని అలాగే అడగండి, వీడియోలు బోలెడు వస్తాయి.

మీరు మానేసిన క్లాసు గురించి నాకు ఏమాత్రం బాధ లేదు, మంచి పని చేశారు. మీకు కావాల్సింది లీవు పెట్టడం, వాళ్ళు చెప్పింది మొదటి తరం కంప్యూటర్లలో ఉండే వాక్యూమ్ ట్యూబుల చరిత్ర. పెద్దవాళ్ళు తమకి రేపు పనికొచ్చేదే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు, అది తప్పు కూడా కాదు. కాబట్టి సిలబస్ మీరే వేసుకోండి. ఆఫీసులో మీరు నెలలో ఎక్కువసార్లు చెయ్యాల్సిన పని ఏది? అది ఒక్కటే తీసుకోండి. ఉదాహరణకి బిల్లు ఎంట్రీ. లాగిన్ అవ్వడం నుంచి లాగౌట్ దాకా, ఎన్ని స్క్రీన్లు వస్తాయి, ఒక్కోదానిలో ఏ గడులు నింపాలి, ఏది నొక్కితే తర్వాతది వస్తుంది, రిజిస్టర్‌లో కాలమ్స్ గీసుకున్నట్టు నోట్‌బుక్‌లో గీసుకోండి. మొదటి వారం నోట్స్ చూస్తూ చెయ్యండి, తర్వాత నోట్స్ మూసి చేసి, తట్టుకున్నచోటే తెరవండి. ఆదివారం కూచుని ఒకేసారి నాలుగు గంటలు చేసే కంటే రోజూ ఇరవై నిమిషాలు చెయ్యడం నయం, ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు, నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మర్చిపోతామని, రోజులు ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ చేస్తే నిలుస్తుందని. మర్చిపోయారంటే మీకు మతిమరుపు వచ్చినట్టు కాదు, మళ్ళీ చెయ్యాల్సిన టైమొచ్చినట్టు. అది పట్టుబడ్డాక రెండో పని. లీవు, అటెండెన్స్ లాంటివి చాలా చిన్నవి, వాటంతటవే వచ్చేస్తాయి, ఎందుకంటే ఆ స్క్రీన్లన్నీ ఒకే అచ్చులో ఉంటాయి.

టైము ఎక్కడిదంటారేమో. నిజమే, ఇంటిపని, ఆఫీసుపని అయ్యాక నేర్చుకోవడానికి మిగిలేది నిద్రపోయే టైమే. అందుకే ఇది ఇంటికి తెచ్చుకోకండి, ఆఫీసు పనికి కావాల్సింది ఆఫీసు టైములోనే నేర్చుకోవాలి, పద్ధతి మార్చింది వాళ్ళు కదా. మీ పై ఆఫీసర్‌కి ఒక చిన్న కాగితం పెట్టండి: రోజూ అరగంట, ఒక నెలపాటు, నా ఎంట్రీలు నేనే చేస్తాను, మొదట్లో ఆలస్యమవుతుంది, ఫలానా వాళ్ళు సరిచూస్తారు అని. సిగ్గనిపిస్తుంది, తెలుసు. కానీ మీ సెక్షన్‌లో ఇదే అవస్థలో ఇంకెవరో ఉండే ఉంటారు, నోరు విప్పట్లేదు అంతే. ఇద్దరైతే ఇంకా సుఖం, ఒకళ్ళు చేస్తుంటే ఇంకొకళ్ళు నోట్స్ చదివి వినిపించొచ్చు.

ఒక మాట, మీలాగా సీటు, కంప్యూటర్, నెట్ అన్నీ ఉన్నవాళ్ళ సంగతే ఇదంతా. 2024లో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ లెక్కలో అసలు ఇంటర్నెట్టే వాడనివాళ్ళు అప్పటికి 260 కోట్ల మంది, ఇల్లంతటికీ ఒకే ఫోన్ ఉండి అది తన చేతికి రాత్రి పదింటికి గానీ రాని ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి నేను ఇచ్చే సలహా ఇది కాదు, దాని గురించి ఇంకోసారి విడిగా రాస్తా.

చివరి ప్రశ్నలు. ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. మీ పని సాఫ్ట్‌వేర్ బహుశా ఆఫీసులోనే తెరుచుకుంటుంది, ఇంట్లో కొంటే అది మీ అబ్బాయి బల్ల మీదకి చేరుతుంది, మళ్ళీ మొదటికే. రెండు మూడు నెలలు ఆఫీసు సిస్టమ్ మీద చెయ్యండి, అప్పుడు ఇంట్లో కూడా కావాలనిపిస్తే, ఏ పనికి కావాలో మీకే స్పష్టంగా తెలుస్తుంది, అప్పుడు చూద్దాం. టైపింగ్ క్లాసు కూడా అక్కర్లేదు. మీ పనిలో ఉండేవి ఎక్కువ అంకెలే కాబట్టి కీబోర్డ్‌కి కుడిపక్కన ఉండే నంబర్ ప్యాడ్ ఒక్కటి చూడకుండా కొట్టడం అలవాటు చేసుకోండి. మధ్యవేలు ఐదు మీద పెట్టుకోండి, దాని మీద చిన్న బుడిపె ఉంటుంది, చూడకపోయినా వేలికి తగులుతుంది. అంకెలు పడట్లేదంటే నమ్ లాక్ ఆఫ్ అయి ఉంటుంది, దాన్ని ఒకసారి నొక్కండి.